ఫోనక్క మూడో ప్రశ్న

నాకు ముక్కు మీద కోపం. దాచుకోవలసిన సంగతేమీ కాదు, పెళ్ళైన వారానికే మా ఆవిడ ఈ ముక్క వీధి వీధంతా చెప్పేసింది. ఇళ్ళల్లో చలికాలం వేడిగాలి, ఎండాకాలం చల్లగాలి ఇచ్చే యంత్రాలు బాగుచేసే పనిలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను. ఈ పనిలో ఉండీ కోపం రాని మనిషి ఎవడైనా ఉంటే వాడు పని సరిగ్గా చెయ్యడం లేదని నా నమ్మకం. కానీ నెల రోజులుగా నన్ను తింటున్న కోపం వేరు. మా షాపులో ఒక ఖాళీ కుర్చీ కనబడితే చాలు, అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఆ కుర్చీ ఖాళీ అవడానికి కారణమైన వాళ్ళని వరసగా నిలబెడితే అందులో నేనూ ఉన్నాను.

ఆ కుర్చీ ఫోనక్కది. పద్దెనిమిదేళ్ళు దాంట్లో కూర్చుని మా షాపు ఫోను ఎత్తింది. అంతకు ముందు ఆవిడ ఆ షాపు ఊడ్చేది. ఒకరోజు మేమంతా తలో ఇంటికీ వెళ్ళాం, షాపు యజమాని పెద్దాయన బ్యాంకుకి వెళ్ళాడు, ఫోను మోగి మోగి చస్తోంది. చీపురు గోడకి ఆనించి ఆవిడ ఎత్తింది. అవతల ఎవరో తమ యంత్రం గోడు వెళ్ళబోసుకున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదట. అయినా అవతలివాళ్ళు అన్నది అన్నట్టు పాత బిల్లు వెనక రాసిపెట్టింది. పెద్దాయన వచ్చి ఆ కాగితం చదివి, "చీపురు ఇంకెవరికైనా ఇద్దాం. నువ్వు ఇటొచ్చి కూర్చో" అన్నాడు.

కూర్చుంది. అక్కడితో ఊరుకుందా అంటే లేదు. సాయంత్రం మేం అలిసిపోయి తిరిగొస్తే గుమ్మానికి అడ్డంగా నిలబడేది.

"పసుపు గోడల ఇంటావిడ పొద్దున యంత్రం మూలుగుతోందంది. విప్పితే లోపల ఏముంది?"

"ఎందుకక్కా నీకు, టీ తాగనియ్."

"చెప్పి తాగు."

నోటుబుక్కులో ఎడమ పేజీలో ఫోను చేసినవాళ్ళ మాట, కుడి పేజీలో మేం విప్పి చూసింది. అలాంటివి తొమ్మిది పుస్తకాలు నింపింది. నాలుగైదేళ్ళు తిరిగేసరికి మాలో ఎవరం స్క్రూ విప్పకముందే లోపల ఏముందో ఆవిడ చెప్పేసేది, పదిలో ఎనిమిది సార్లు అదే ఉండేది. మిగతా రెండు సార్లూ మేమే సరిగ్గా చూడలేదని దబాయించేది.

ఫోనులో ఆవిడ మర్యాద అంతంతమాత్రం. "చలికాలం మొదట్లో వేసిన రోజు కాసేపు కాలిన వాసన వస్తే అది దుమ్ము. రెండో రోజూ వచ్చిందా, దుమ్ము కాదు, స్విచ్చి కట్టేసి మా వాడొచ్చేదాకా ముట్టుకోకండి" అనేది. "ఐదు నిమిషాలకోసారి ఆగి మళ్ళీ మొదలవుతోందా? దాని ప్రాణం తోడేస్తున్నారు, ఆపండి ముందు" అనేది. గొట్టం మీద మంచు పేరుకుందని, చూడముచ్చటగా ఉందని చెప్పిన ఒకాయన్ని, "ఫొటోలు తరవాత తీసుకుందురు గాని, ముందు ఆపెయ్యండి" అని కసిరింది. ఆయన ఆ తర్వాత పదేళ్ళపాటు మా షాపుకే ఫోను చేశాడు.

అందరినీ ఆవిడ అడిగేవి మూడే ప్రశ్నలు. మొదటిది, "ఎప్పట్నించి?" రెండోది, "పగలంతా ఇంట్లో ఎవరుంటారు? ఫోను వాళ్ళకివ్వండి." ఇంటాయన యంత్రం కంపెనీ, కొన్న ఏడాది, దాని గొప్పా అన్నీ చెప్తాడు, అది వారం రోజులుగా ఎలా దగ్గుతోందో మాత్రం చెప్పలేడు. ఆ దగ్గు విన్నవాళ్ళు వంటింట్లో ఉంటారు. వాళ్ళు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఊరుకుని ఉంటారు.

మూడోది అసలు ప్రశ్న. "ఇన్నాళ్ళూ ఏం చేసి సరిపెట్టుకున్నారు?"

ఈ ప్రశ్నకి నెమ్మదిగా ఒక్కొక్కటీ బయటికొచ్చేవి. నీళ్ళు కారుతున్న చోట బకెట్టు పెట్టాం, రోజుకి రెండుసార్లు పారబోస్తున్నాం. చప్పుడు చేస్తే చీపురు కర్రతో ఒక్కటిస్తాం, ఊరుకుంటుంది. ఆ గది వెచ్చబడదు, అందుకని అందరం ఈ గదిలోనే పడుకుంటున్నాం, అయినా కలిసి పడుకోవడం మాకు సరదా. ఇలాంటివి వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. బకెట్టు పారబోసే ఓపిక ఉంటుంది, ఒక ఫోను చేసే ఓపిక ఉండదు! ఆ నీళ్ళు గోడలోకి దిగి, వైర్లలోకి దిగి, అంతా అయ్యాక మమ్మల్ని పిలిచి "పొద్దున్న దాకా బాగానే ఉందండీ" అంటారు. పచ్చి అబద్ధం. ఏ యంత్రమూ పొద్దున్న దాకా బాగుండి మధ్యాహ్నానికి చావదు.

"యంత్రం చెడిపోయిందో లేదో యంత్రాన్ని చూసి తెలుసుకోనక్కర్లేదు తమ్ముడూ" అనేది ఫోనక్క. "దాని కోసం మనుషులు ఒక అలవాటు మార్చుకున్నారా లేదా చూడు. మార్చుకున్న రోజే పిలవాల్సింది."

ఈ తెలివి నీకెక్కణ్ణించి వచ్చిందక్కా అని ఒకసారి అడిగాను. టీ గ్లాసు కింద పెట్టి చెప్పింది. "నా కాపరంలోంచి. మొదట్లో తలుపు దబాలున వేసేవాడు. తలుపు సందులో గుడ్డ పెట్టాను, చప్పుడు రాకుండా. తరవాత కంచం విసిరేవాడు. స్టీలు కంచాలు తీసి ప్లాస్టిక్‌వి కొన్నాను. ఏం తెలివితేటలనుకున్నావు నావి! పదకొండేళ్ళు అలా సర్దుకుంటూ పోయాను. చివరికి చెయ్యి విరిగింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇదే అడిగింది, ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా అని. ఆ మాట నేనే ముందు అడుక్కుని ఉంటే నా చెయ్యి నాకుండేది." ఆవిడ కుడి మోచెయ్యి పూర్తిగా చాపలేదు, ఫోను ఎడం చేత్తోనే ఎత్తేది.

ఆవిడంటే మాకందరికీ ప్రాణం. మెట్ల కింద చిన్న గది ఆవిడది. చలికాలం ఆ గదిలో వణుకుతూ రాసుకుంటుంటే చూడలేక ఒక ఏడాది మా మెకానిక్కులం పదకొండు మందిమీ తలా కొంత వేసుకుని మంచి ఉన్ని శాలువా కొనిచ్చాం. గచ్చకాయ రంగుది, మెత్తగా ఉంటుంది. ఆవిడ అందరి వంకా చూసి, నవ్వి, కప్పుకుంది. ఇలాంటి మనుషులు ఏ షాపులో ఉంటారని మేం చాలాకాలం చెప్పుకున్నాం.

పెద్దాయన మంచాన పడ్డాక షాపు అల్లుడుగారి చేతికి వచ్చింది. అల్లుడుగారు చెడ్డవాడని అనను. గొంతు పెంచడు, అందరినీ మీరనే అంటాడు. ఆ మర్యాదతోనే నా ప్రాణం తీశాడు. వచ్చిన నెలలోపే గోడకి పెద్ద బోర్డు పెట్టించాడు. వచ్చిన ఫిర్యాదులన్నీ దాని మీద రాయాలి, అయిపోయినవి తుడిచెయ్యాలి. సాయంత్రానికి బోర్డు శుభ్రంగా ఉంటే ఆయనకి నిద్ర పడుతుంది. పిలిచినవాళ్ళే మళ్ళీ ఫోను చేసి ఇప్పుడు బాగానే ఉందంటే అది కూడా అయిపోయినట్టే.

"తనంతట తాను బాగయ్యే యంత్రం నేను చూడలేదండీ" అంది ఫోనక్క. "చప్పుడు ఆగిందంటే చప్పుడు చేసే ముక్క ఊడిపోయిందని."

"కస్టమరు వద్దంటే మనం ఏం చేస్తామండీ" అని నవ్వాడు ఆయన. ఆ బోర్డు వైపు చూసినప్పుడల్లా నాకు దాన్ని పీకి మోకాలికేసి విరవాలనిపించేది. విరవలేదు. ఉద్యోగం కదా, నోరు మూసుకున్నాను.

చలి బాగా ముదిరిన వారంలో ఒక రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. వాళ్ళది గ్యాసు హీటరు. చప్పుడు లేదు, నీళ్ళు లేవు, గది వెచ్చగానే ఉంది. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి తల పగిలిపోతోంది, ఏడాది పాప పొద్దున్నుంచి వాంతులు చేసుకుంటోంది. ఇద్దరూ వాకిట్లోకి వస్తే బాగానే ఉంటున్నారు.

"ఏం చేసి సరిపెట్టుకుంటున్నావమ్మా?"

"వంటింటి కిటికీ కొంచెం తెరిచి పెడుతున్నానండీ. అప్పుడు తలనొప్పి తగ్గుతోంది. మామగారు చూస్తే మూసేస్తారు. వేడంతా పోతోందని తిడతారు."

"హీటర్లో మంట ఏ రంగులో ఉంది?"

"పసుపుగా ఉందండీ. ఇదివరకు నీలంగా ఉండేది. పైన గోడ కూడా నల్లబడింది."

ఫోనక్క కుర్చీలోంచి లేచి నిలబడిందట. "తల్లీ, ఇప్పుడే హీటరు ఆపు. కిటికీలన్నీ తియ్. పాపని ఎత్తుకుని వాకిట్లో కూర్చో. మావాడు గంటలో వస్తాడు. వాడొచ్చేదాకా చలేసినా సరే లోపలికి వెళ్ళకు." పొగ పైకి పోవలసిన గొట్టం ఎక్కడో తెగింది, విషం గదిలోకి వస్తోంది, దానికి వాసన కూడా ఉండదు. ఇది ఆవిడ నాలుగో నోటుబుక్కులో కుడి పేజీలో రెండు చోట్ల ఉంది. ఒక చోట పక్కన ఎవరూ మిగల్లేదని కూడా ఉంది. బోర్డు మీద అన్నిటికన్నా పైన ఎర్రగా ఆ ఇంటి చిరునామా రాసింది.

నేను షాపుకి తిరిగొచ్చేసరికి బోర్డు మీద ఆ చిరునామా లేదు. ఫోనక్క అల్లుడుగారి బల్ల ముందు నిలబడి ఉంది.

"ఎందుకు తుడిచారు?"

"ఆ ఇంటి పెద్దాయన నాకు ఫోను చేశారండీ. కోడలు కంగారు మనిషట. ఇంత చలిలో పసిపిల్లని వాకిట్లో కూర్చోబెట్టిందని కోప్పడి, లోపలికి పంపి, హీటరు మళ్ళీ వేశారట. గొట్టానికి ఆయనే టేపు చుట్టారట. కిటికీ ఊరికే తీస్తోందని దానికి మేకు కూడా కొట్టారట. ఇప్పుడు భేషుగ్గా ఉంది, ఎవర్నీ పంపొద్దన్నారు." చెప్తూ నవ్వాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఆ మేకు సంగతి చెప్పాడు!

ఫోనక్క ఆ ఇంటికి ఫోను కలిపింది. మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కలిపింది. ఎత్తలేదు. రిసీవరు బల్ల మీద పడేసి నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, బండి తియ్."

పద్దెనిమిదేళ్ళలో పనివేళలో ఆవిడ ఆ కుర్చీ వదలడం అదే మొదటిసారి. వెనక నుంచి అల్లుడుగారు, "వద్దన్నవాళ్ళింటికి వెళ్ళడం ఏం బావుంటుందండీ?" అంటూనే ఉన్నాడు.

ఆ ఇంటి పెద్దమనిషి వరండాలో ఎండపొడలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. పగలంతా ఆయన అక్కడే ఉంటాడు. ఆయనకి తలనొప్పి ఎందుకొస్తుంది?

"ఎవరు పిలిచారు మిమ్మల్ని?"

"మీ కోడలు" అంది ఫోనక్క. "ఎక్కడుంది?"

"పడుకుంది. పిల్లా పడుకుంది. ఇప్పటికి పడింది వెచ్చగా నిద్ర. వెళ్ళండి, లేపొద్దు."

పేపరు మడిచి ఆయన గుమ్మంలో నిలబడ్డాడు, అడ్డంగా. ఫోనక్క ఆయన భుజం మీంచి లోపలికి "అమ్మాయ్! అమ్మాయ్!" అని కేకేసింది. జవాబు లేదు. ఇక నేను ఆగలేదు. పెద్దవాడనీ చూడలేదు, భుజంతో ఒక్క తోపు తోసి లోపలికి పడ్డాను.

గది బాగా వెచ్చగా ఉంది. ఆ అమ్మాయి మంచం పక్కన నేల మీద పడి ఉంది, చెయ్యి తలుపు వైపు చాచి ఉంది. ఫోనక్క ఆ సరిగ్గా చాపలేని చేతిని ఎలా చాపిందో తెలియదు, పాపని ఎత్తుకుని ఒక్క పరుగున వాకిట్లో పడింది. నేను హీటరు కట్టేసి, ఆ అమ్మాయిని చంకల కింద పట్టి ఈడ్చుకుంటూ బయటికి తెచ్చాను. మళ్ళీ వెళ్ళి మేకు కొట్టిన కిటికీ అద్దాన్ని స్పానరుతో పగలగొట్టాను. అంబులెన్సుకి ఫోను చేశాను. వాకిట్లో ఫోనక్క పాప వీపు రుద్దుతూ, "ఏడువు తల్లీ, ఏడువు" అంటోంది. ఎంతసేపటికో పాప ఏడ్చింది.

అప్పుడు ఆ పెద్దమనిషి ఇంట్లోంచి బయటికొచ్చి అడిగిన మాట ఇది. "ఆ అద్దం ఎవరు పగలగొట్టారు?"

తల్లీ బిడ్డా బతికారు. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చారు. ఐదో రోజు అల్లుడుగారు ఫోనక్కని, నన్ను పిలిచాడు. ఆ పెద్దమనిషి ఫిర్యాదు చేశాడట. వద్దన్నా వచ్చాం, పెద్దవాణ్ణి తోశాం, ఆస్తి పాడు చేశాం. క్షమాపణ చెప్పకపోతే ఊరంతా మన షాపు పరువు తీస్తానన్నాడట.

"నేను చెప్పనండీ" అంది ఫోనక్క.

"తోసింది నేను, నన్ను చెప్పమనండి" అన్నాను.

"ఆయన ఆవిడే చెప్పాలంటున్నారు. కోడలికి లేనిపోనివి నూరిపోసింది ఆవిడేనట. ఒక్క మాట సారీ అంటే పోయేదానికి ఎందుకండీ పంతం? లేదంటే నాకు కష్టమవుతుంది, మీకూ కష్టమవుతుంది." ఉద్యోగం తీసేస్తాననే మాటని ఇంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు.

ఫోనక్క తన గదిలోకి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. ఆవిడ పోతే షాపు ఏమవుతుందో నాకు తెలుసు. నా స్వార్థం కూడా అందులో ఉంది, కాదనను. అందుకే ఆ మాట అన్నాను.

"పోనీ చెప్పెయ్యక్కా. పద్దెనిమిదేళ్ళు ఉన్నావు. కాస్త సర్దుకో."

నేనేమన్నానో నాకు అర్థమయ్యేసరికి నోట్లోంచి మాట వచ్చేసింది, వెనక్కి రాదు.

"ఆ గోడ మీద ఏముందిరా?" అంది.

చూశాను. ఆవిడ కుర్చీకి పైన గోడకి యంత్రం ఉంది. ఎప్పుడూ ఉంది.

"అది ఆగిపోయి ఇది ఎనిమిదో చలికాలం. మొదటి ఏడాది నీకే చెప్పాను. రేపు చూస్తానక్కా అన్నావు. మిగతావాళ్ళకీ చెప్పాను, వాళ్ళూ రేపే అన్నారు. ఎండాకాలం మెడకి తడి తువ్వాలు చుట్టుకుని రాశాను. చలికాలం వేళ్ళు కొంకర్లు పోతే టీ గ్లాసు పట్టుకుని కాచుకుని రాశాను. అప్పుడు మీరందరూ కలిసి నాకు శాలువా కొనిచ్చారు. పదకొండు మంది మెకానిక్కులు! ఊరందరినీ అడిగానురా ఏం చేసి సరిపెట్టుకున్నారని. నన్ను ఒక్కడు అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు, ఆ తప్పు నాది. ఇంక చాలు."

శాలువా తీసి నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద పెట్టింది. తొమ్మిది నోటుబుక్కులూ సంచీలో వేసుకుంది. అల్లుడుగారి గది ముందు నుంచే నడిచి వెళ్ళిపోయింది. ఆయన తలెత్తి చూసి, మళ్ళీ బోర్డు వైపు చూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే స్టూలు వేసుకుని ఆ యంత్రం విప్పాను. నలభై నిమిషాలు పట్టింది. అందులో ముప్ఫై నిమిషాలు ఎనిమిదేళ్ళ దుమ్ము తియ్యడానికే సరిపోయింది. పోయింది వేలెడంత కెపాసిటరు ఒక్కటి. అలాంటివి నా సంచీలో ఎప్పుడూ అరడజను ఉంటాయి. ఆ గదిలోకి టీ పట్టుకెళ్ళిన ప్రతిసారీ ఆ సంచీ నా భుజానే ఉంది.